యాభై ఐదో పాట

బతికున్న మనిషికి సమాధి పాట పాడించిన ఘనత మా మూడు తాలూకాల్లో నా ఒక్కదానికే దక్కింది. అదీ అల్లాటప్పా మనిషికి కాదు, బాగేపల్లిలో పెద్ద బడి హెడ్‌మేష్ట్రుకి. ఆయన కుర్చీలో ఆయన నిక్షేపంగా కూర్చుని ఉండగా, ఆయన కళ్ళ ఎదుటే. పాడింది నా కూతురు కరుణ. నేర్పింది నేను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు భూమి చీలితే అందులో దూరిపోదామని చూశాను. బాగేపల్లి నేల సంగతి మీకు తెలుసు కదా, గడ్డపారకే చీలదు, నాకోసం చీలుతుందా!

మొదటినుంచీ చెబుతాను. నా పుట్టిల్లు చింతామణి. అక్కడ మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఎనిమిది చదివిన ఆడపిల్ల అంటే మాటలా? నా తల ఎంత ఎత్తున ఉండేదంటే, పెళ్ళయి పాతపాళ్యం దగ్గర ఒక పల్లెకు కాపురానికి వచ్చిన రోజే అత్తగారింటి ద్వారబంధం నుదుటికి కొట్టుకుంది. దానికైనా బుద్ధి రావాల్సింది. రాలేదు.

మా ఆయన ఉపదేశి. అంటే పాదిరిగారు నెలకొక ఆదివారం వచ్చిపోతే, మిగతా ఆదివారాలు ఆరాధన నడిపే మనిషి. మెత్తటివాడు. ఆయన గట్టిగా మాట్లాడేది ప్రార్థనలో మాత్రమే, అదీ దేవుడితో. మా అత్తగారు మాత్రం దేవుడితో తప్ప అందరితోనూ గట్టిగానే మాట్లాడేది.

కరుణకి ఆరేళ్ళప్పుడు ఊళ్ళో బడిలో వేశాం. ఒకే మేష్ట్రు, ఒకే గది, నాలుగు తరగతులు. వారం తిరక్కుండానే మా పిల్ల మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చింది. ఏమయిందే అంటే, "ఎనుముని కడిగినామమ్మా" అంది. మేష్ట్రుగారి ఎనుము. లెక్కల గంటలో.

చెంగు బిగించి బడికి పోయాను.

"ఏమప్పా, లెక్కలు చెప్పే పొద్దులో పిల్లోళ్ళ చేత ఎనుముని కడిగిస్తాండారంట?"

ఆయన నిదానంగా తాంబూలం నమిలి, "ఎనుముకి కాళ్ళు నాలుగు, కొమ్ములు రెండు, తోక ఒగటి. అంతా కూడితే ఏడు. ఇదీ లెక్కే గదమ్మా" అన్నాడు.

"నా బిడ్డకి నేనే ఇంట్లో చెప్పుకొంటా పొండి!"

"చెప్పుకో తల్లీ. నీ బిడ్డ బాగేపల్లి బడిలో నాలుగో తరగతి బెంచీ మీద కూర్చున్న దినం నుంచీ ఈ ఎనుముని నేనే కడుక్కొంటా. పిల్లోళ్ళని పిలవను. సరేనా?"

బడిలో పిల్లలందరూ నా మొహంలోకి ఆశగా చూశారు. ఆ క్షణాన నా కూతురి చదువు ఒక్కటే కాదు, ఊళ్ళో పిల్లలందరి మోకాళ్ళూ నా చేతిలో ఉన్నట్టు అనిపించింది. సరే అన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా అత్త చేటలో రాళ్ళేరుతూ తలెత్తింది. "ఇల్లు బడి చేస్తే కూడు యాడ వండుతావే?"

"వండుతానే చెబుతా అత్తా."

"అట్లనే కానీ. రెండూ మాడతాయి."

మా అత్త శాపం ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది, కానీ గురి తప్పదు.

మొదటి ఏడాది బాగానే నడిచింది. చేటలో రాగిపిండి పరిచి అక్షరాలు దిద్దించాను. తెలుగు బైబిల్లో చదివించాను. మాది కన్నడ రాజ్యం కాబట్టి చింతామణి నుంచి కన్నడ పాఠాల పుస్తకం తెప్పించి అదీ చదివించాను. పిల్ల చురుకైనది, నీళ్ళు తాగినట్టు నేర్చుకుంది. తంటా అంతా లెక్కల దగ్గర వచ్చింది.

పొద్దున్నే నేను విసుర్రాయి ముందు కూర్చుంటాను. రాగులు విసరకపోతే ఆ పూట ముద్ద లేదు. రాయి గిరగిరా తిరుగుతూ ఉంటే, ఆ మోతలో పిల్ల "ఏడు" అందో "ఏమి" అందో ఎవరికి వినబడుతుంది? పలక చూద్దామంటే కళ్ళ నిండా పిండి. మూడు రోజులు గొంతు చించుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాకు జ్ఞానోదయం అయింది. ప్రార్థన మీద మనసు పెట్టి ఉంటే అయ్యేది కాదు, అది వేరే సంగతి.

మా ఇంట్లో ఒక చిన్న పాటల పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయింది. సరిగ్గా నూరు పాటలు. రోజూ ప్రార్థనలో మా ఆయన, "పదకొండో పాట" అనగానే కరుణ పుస్తకం తెరవకుండానే ఎత్తుకునేది. నూరు పాటలూ, నూరు అంకెలూ దాని నాలుక మీదే ఉన్నాయి. ఇంకేం కావాలి? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్ళూ నేను పలకలెందుకు అరగదీశాను?

మర్నాటి నుంచీ మా ఇంట్లో లెక్కలు ఇలా సాగాయి.

"మూడో పాటా నాలుగో పాటా కలిస్తే?" అని నేను విసురుతూ అడుగుతాను. కరుణ ఏడో పాట ఎత్తుకుంటుంది. మాట వినబడకపోయినా రాగం వినబడుతుంది కదా! ఏడో పాట రాగం విసుర్రాయి మోతను చీల్చుకుని వచ్చేది. తప్పు చెబితే రాగంలోనే తెలిసిపోయేది. "కాదు, ఇదీ" అని నేను సరైన పాట ఎత్తుకునేదాన్ని. పిల్ల అందుకునేది. పిండీ అయ్యేది, లెక్కా అయ్యేది, దేవుడి స్తుతీ అయ్యేది. ఒకే దెబ్బకి మూడు పిట్టలు కొట్టానని నాలో నేనే మురిసిపోయేదాన్ని. మూడూ నా పెంపుడు పిట్టలే అని తరవాత తెలిసింది.

తొమ్మిది వస్తే చప్పట్లు కొట్టాలి, ఎందుకంటే తొమ్మిదో పాట చప్పట్ల పాట. పదిహేడు క్రిస్మస్ పాట. యాభై నుంచి అరవై దాకా సమాధుల దగ్గర పాడేవి, అవి కాస్త సాగదీసి పాడాలి. సున్నాకి పుస్తకంలో పాట లేదు. అందుకని ఐదులో ఐదు పోతే తల వంచుకుని మౌన ప్రార్థన. ఈ ఏర్పాటు కనిపెట్టిన రోజు నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

మా ఆయన ఒకసారి మెల్లగా అన్నాడు. "పాట లేకుండా కూడా అప్పుడప్పుడు అడిగి చూడరాదా?"

"జవాబు తప్పు పోతాండాదా?"

"తప్పు లేదులే. ఊరికే అంటి."

ఊరికే అన్న మాటలే వినాలని ఇప్పుడు తెలిసింది. అప్పుడు వినలేదు. రెండేళ్ళు అలాగే పాడించాను.

కరుణకి తొమ్మిదేళ్ళు వచ్చేసరికి మా ఆయనను బాగేపల్లికి మార్చారు. జూన్ నెల. పెద్ద బడికి పోయి అడిగితే, "ఏ బడిలోనూ చదవని బిడ్డ గదా, హెడ్‌మేష్ట్రు పరీక్ష పెడతాడు. పాసయితే నాలుగో తరగతి. లేదంటే ఒగటి" అన్నారు. తొమ్మిదేళ్ళ పిల్ల, ముక్కు తుడుచుకోవడం రాని ఐదేళ్ళ పిల్లల మధ్య కూర్చోవాలి! పైగా పల్లెలో ఆ మేష్ట్రు, ఆ ఎనుము ఎదురు చూస్తూ ఉన్నారు.

నాకు భయమే లేదు. కరుణకి నూనె పెట్టి రెండు జడలు వేసి, ఉతికిన లంగా తొడిగి తీసుకుపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలిచే వచ్చాం కదా అనుకున్నాను.

హెడ్‌మేష్ట్రు మంచి మనిషి. తలపాగా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. తెలుగూ కన్నడా కలిపి మాట్లాడేవాడు. ముందు కన్నడ పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. కరుణ తడబడకుండా చదివింది. తెలుగు చదివింది. రాయమంటే రాసింది. "భేష్! యారు హేళికొట్టిద్దు?" అన్నాడు, ఎవరు నేర్పారని. నేను వినయంగా తల వంచి, దండ వేయించుకోవడానికి మెడ చాపినట్టు నిలబడ్డాను.

"ఇప్పుడు నోటి లెక్కలు. ఏడూ ఐదూ కలిస్తే ఎంత పుట్టీ?" పుట్టీ అంటే కన్నడంలో చిట్టీ అని.

కరుణ లేచి నిలబడింది. చేతులు జోడించింది. కళ్ళు మూసుకుంది. పన్నెండో పాట ఎత్తుకుంది.

పొద్దున పాడే స్తుతి పాట అది. బాగా పైస్థాయిలో మొదలవుతుంది. పల్లవి అయ్యాక "పన్నెండు" అని కళ్ళు తెరిచింది. హెడ్‌మేష్ట్రుకి ఆ చివరి మాట పట్టలేదు. ముచ్చటపడ్డాడు.

"ప్రార్థన చేసుకొని మొదులు పెట్టడం మంచి అలవాటమ్మా. బాగుండాది. ఇంగ జవాబు చెప్పు."

"చెప్పినా గదప్పా" అంది కరుణ.

నేను గభాలున వంగి కరుణ చెవి దగ్గరికి పోయాను.

"పాట వద్దు, ఉత్త అంకె చెప్పమ్మా" అని నేను గొణిగాను.

"ఇరవైలో మూడు పోతే?" అన్నాడు ఆయన.

కరుణ నా వైపు చూసింది, పెదవులు బిగించింది, లోపల ఏదో వెతుక్కుంది, దొరకలేదు. పాపం, పాట ఎత్తుకుంటేనే గానీ దానికి అంకె నోటికి రాదు. జూన్ నెల ఉక్కలో, చెమట కారుతూ, పదిహేడో పాట అందుకుంది. రక్షకుడు పుట్టాడని బడి అంతా మారుమోగింది. పక్క గదిలో పిల్లలు బడి ప్రార్థన మళ్ళీ మొదలైందనుకుని దబదబా లేచి చేతులు కట్టుకున్నారు. వాళ్ళ మేష్ట్రు కూడా లేచి నిలబడ్డాడు. గంట కొట్టే ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, కొట్టాలా వద్దా అని సుత్తి పట్టుకుని చూస్తున్నాడు.

హెడ్‌మేష్ట్రు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, చిన్న లెక్క. ఐదులో ఐదు పోతే?"

కరుణ తల వంచి కళ్ళు మూసుకుంది. ఆయన కాసేపు చూశాడు.

"తెలీదా పుట్టీ?"

కరుణ తల ఇంకాస్త వంచింది.

"అప్పా, అది మౌన ప్రార్థన" అన్నాను నేను. "అంటే సున్నా. సున్నాకి పాట లేదప్పా."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. అయినా ఓర్పుగల మనిషి. పిల్ల భయపడిందేమో, ఇంటి లెక్కలాగా అడిగితే చెబుతుందేమో అనుకున్నాడు.

"ఇటు చూడు తల్లీ. నాకు యాభై రెండేళ్ళు. ఇంగ మూడేళ్ళకి నేను రిటైరయితా. అప్పటికి నాకెన్ని?"

వద్దు, వద్దు అని నేను చెయ్యి ఊపేలోపలే అయిపోయింది. యాభై ఐదో పాట! మా సంఘంలో పెట్టెను గుంతలోకి దించేటప్పుడు పాడేది. మన్ను మన్నులో కలుస్తుందనీ, మిగిలినవాళ్ళు ఏడవకూడదనీ దాని అర్థం. ఆయనకు తెలుగు శుభ్రంగా వచ్చు. కరుణ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే సాగదీసి, ఆయన వైపే తిరిగి, ఎంతో దయగా పాడింది. చివర లంగా అంచుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. నేను నేర్పలేదు, అదొక్కటి మాత్రం సమాధుల దగ్గర చూసి సొంతంగా నేర్చుకుంది.

ఆయన చెయ్యి ఛాతీ మీదికి పోయింది. "నేను ఇంగా రిటైరు కూడా కాలేదు గదమ్మా!" అన్నాడు నాతో.

గంట కొట్టే ఆయన సుత్తి కింద పెట్టి తల గుడ్డ తీసేశాడు.

"చూడమ్మా" అన్నాడు హెడ్‌మేష్ట్రు కాస్త తేరుకుని. "బిడ్డకి లెక్క వస్తాది. ఒగటీ తప్పు పోలేదు. కానీ తరగతిలో నలభై మంది ఉండారు. లెక్కకొక పాట అంటే మేము బడి నడిపేదా, భజన నడిపేదా? ఒగటో తరగతిలో వేస్తా. మెల్లగా సరిపోతాది." కలం తీశాడు.

నేను బెంచీ మీద గట్టిగా కూర్చున్నాను. "రాయద్దప్పా. పదైదు దినాలు గడువియ్యండి."

"పదైదు దినాల్లో ఏమవుతాదమ్మా?"

"అయితాది. చెడగొట్టింది నేను, బాగు చేసేదీ నేనే. మీరు సరే అనేదాకా నేను ఈ బెంచీ మీద నుంచి లేసేది లేదు."

ఆయన కరుణను చూశాడు, నన్ను చూశాడు, బహుశా యాభై ఆరో పాట ఎలా ఉంటుందో అని కూడా ఆలోచించి ఉంటాడు. కలం మూత పెట్టాడు.

దారిలో కరుణ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ అడిగింది. "అమ్మా, నేను తప్పు పాడినానా?"

అంతసేపూ సిగ్గుతో ఉడికిపోయినదాన్ని, ఆ మాటకి మాత్రం ఏడుపు ఆగలేదు. నడి రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. "లేదు తల్లీ. నువ్వు బాగా పాడినావు. నేనే తప్పు నేర్పినా" అన్నాను. ఎనిమిదో తరగతి చదివిన నా తల ఆ రోజు మొదటిసారి ఏ ద్వారబంధానికీ తగలకుండా ఇంట్లోకి వెళ్ళింది.

సంగతి విని మా అత్త, "రెండూ మాడతాయని చెప్పలేదా?" అంది. మా ఆయన మాత్రం, "జవాబులు తప్పు పోలేదు గదా" అన్నాడు. ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగిన ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఇక పట్టు పట్టాను. పాటల పుస్తకం పెట్టెలో వేసి తాళం పెట్టాను. ప్రార్థనలో పాటకి నంబరు చెప్పకూడదని మా ఆయనకి కట్టడి చేశాను. అయినా లాభం లేదు. "రెండూ మూడూ?" అనగానే పిల్ల గొంతు దానంతట అదే లేచేది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నేను మొక్కను చేజేతులా వంచి, అది వంకరగా పెరిగిందని ఏడుస్తున్నాను.

మూడో రోజు ఉపాయం తట్టింది. కరుణ నోటి నిండా నీళ్ళు పోయించాను. నోట్లో నీళ్ళుంటే పాడలేదు కదా! "నాలుగూ ఐదూ?" అన్నాను. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు పెద్దవయ్యాయి, చేతులు చప్పట్లకి లేచాయి, నీళ్ళన్నీ ఎదురుగా పప్పు రుబ్బుతున్న మా అత్త మీద పడ్డాయి.

"ఇది లెక్కా, బాప్తిస్మమా?" అని మా అత్త కేక.

నీళ్ళు మొదలుపెట్టిన రెండో రోజుకి సగం నిలిచాయి. ఐదో రోజుకి ఒక్క చుక్క పడలేదు. నీళ్ళు నోట్లో ఉంచుకుని చింతపిక్కలు లెక్కబెట్టి జవాబు ముందు పెట్టేది. తరవాత నీళ్ళు మింగి, అంకె మాత్రం చెప్పేది. ఆఖరికి నీళ్ళు లేకుండానే, ఒక్కసారి గుటక వేసి, "తొమ్మిది" అనేది. పొద్దునా సాయంత్రమూ చెంబు పట్టుకుని దాని వెనకే తిరిగాను. పన్నెండు రోజులకి నా కూతురు మామూలు పిల్ల అయింది.

పదిహేనో రోజు మళ్ళీ బెంచీ. మళ్ళీ హెడ్‌మేష్ట్రు. గంట కొట్టే ఆయన కూడా పని మానుకుని వచ్చాడు.

"ఎనిమిదీ ఆరూ?"

గుటక. "పద్నాలుగు."

"ఇరవై ఐదులో ఎనిమిది పోతే?"

గుటక. "పదిహేడు." క్రిస్మస్ ఊసే లేదు!

"ఏడులో ఏడు?"

"సున్నా" అంది, తల ఎత్తుకుని.

ఆయన పది లెక్కలు అడిగాడు. పదీ చెప్పింది. "నా వయసు మాత్రం అడగనులే" అని నవ్వి, దాఖలా పుస్తకం తెరిచాడు. "నాలుగో తరగతి" అని ఆయన రాస్తుంటే ఆ అక్షరాలను నేను తలకిందులుగానే చదువుకున్నాను. నా గుండె పొంగిపోయింది. ఎనుమూ, బురదా, ఒకటో తరగతీ అన్నీ దాటేశాం.

ఆయన తల ఎత్తకుండానే నన్ను అడిగాడు. "బిడ్డకి ఎన్నేళ్ళమ్మా?"

మీరే చెప్పండి. ఇన్ని రోజులూ నోట్లో నీళ్ళు పోసుకున్నది ఎవరు? కరుణ. రెండేళ్ళు విసుర్రాయి ముందు దానికి సమానంగా పాడింది ఎవరు? నేను. నాకు వైద్యం ఎవరు చేశారు?

నేను లేచి నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. చప్పట్లు కొడుతూ తొమ్మిదో పాట ఎత్తుకున్నాను.

పక్క గదిలో బెంచీలు దబదబా చప్పుడయ్యాయి. కళ్ళు తెరిచేసరికి హెడ్‌మేష్ట్రు కలం గాలిలో ఉంది. కరుణ సిగ్గుతో తల పట్టుకుని, గంట కొట్టే ఆయన వైపు తిరిగి, చాలా మర్యాదగా అంది:

"అప్పా, మాయమ్మకి ఒక చెంబు నీళ్ళియ్యండి."

పల్లెలో ఆ మేష్ట్రు మాట తప్పలేదు. ఆ తరవాత ఏ పని మీదో అటు పోతే, ఎనుముని ఆయనే తోముతూ కనిపించాడు. గట్టు మీద పిల్లలు వరసగా కూర్చుని, సరిగ్గా తోముతున్నాడో లేదో చూస్తున్నారు.

అందుకే పెద్దల ఎదుటా, పిల్లల ఎదుటా, అట్ట లేని ఆ పాటల పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. నా ప్రాణం ఉన్నంతవరకూ పాటను పాటగానే పాడతాను, లెక్కను లెక్కగానే చెబుతాను, ఈ రెంటినీ ఒక రాయిలో వేసి విసరను. మనవళ్ళకి గానీ, మునిమనవళ్ళకి గానీ, ఎవరెంత బతిమాలినా సరే. ఇన్నేళ్ళలో ఈ ప్రమాణాన్ని ఎన్నిసార్లు తప్పానో అడుగుతారా? చెబుతాను. ముందు ఆ చెంబు ఇలా ఇవ్వండి.